మనిషి తక్కువైన నేరము

కాలిఫోర్నియాలో కొలువు చేయుచు సెలవులకు ఇంటికి వచ్చు మన తిరుపతి జిల్లా యువకులు అచ్చటి కార్‌పూల్ లేను మహిమను వర్ణింపగా, ముగ్గురి ఆటోలో పదిమంది ఎక్కుట ఎరిగిన మనకు ఆశ్చర్యము కలుగక మానదు. రోడ్డుపై వజ్రాకృతి గీసి, ఇద్దరో ముగ్గురో ఉన్న బండికే అందు ప్రవేశమని శాసించి, ఒంటరిగా చొరబడినవానికి కనీసము 490 డాలర్ల జరిమానా వేయుదురట! అందుకు వెరచి కొందరు బట్టలకొట్టు బొమ్మకు టోపీ పెట్టి, బెల్టు బిగించి, ప్రక్కన కూర్చుండబెట్టుకొందురు. 2019లో నెవాడాలో ఒక శవవాహన చోదకుడు వెనుకనున్న మృతదేహమును రెండవ మనిషిగా లెక్కింపవలదా యని వాదింపగా, ఊపిరి ఉన్నవారికే లెక్కయని పోలీసు మందలించి పంపివేసెను. జకార్తాలో కారుకు ముగ్గురుండవలెనను నిబంధన 2016 వరకు సాగినందున, చంకబిడ్డతో అద్దెకు కూర్చుండు తల్లులు వీథి ప్రక్కన వరుసలు కట్టిరి. ఒక్క కూలికి రెండు తలలు!

అలిపిరిలో చీటీ తీసికొని 28 నిమిషములకు ముందే కొండ చేరుట తప్పైన ఊరివారము గనుక వింత నేరములు మనకు క్రొత్త కావు. కాని బస్టాండు చెంత రేణిగుంట ఆటోవాడు, లోపల మోకాలికి మోకాలు ఒరయుచుండగా, "ఒగరే సామీ, రోంత జరుగు" అని ఇంకొకని చొప్పించినచో, ఆ పుణ్యమునకు మన చట్టములో 194ఎ అను సెక్షను కలదు: అదనపు తలకు 200 రూపాయలు, అంతేకాదు, ఎక్కువైనవారిని దింపి, వారికి వేరొక బండి కుదురువరకు ఆ ఆటో కదలరాదు. ఆ వేరొక బండి మరియొక షేర్ ఆటో కాక పుష్పక విమానమగునా!

అమెరికా న్యాయమే ఇచ్చట అమలైనచో ఆ వజ్రపుబాట న్యాయముగా షేర్ ఆటోదే కావలెను. కాని మన ప్రజ్ఞ అంతటితో ఆగునా? సిఫారసు లేఖపై బ్రేక్ దర్శనము సాధించిన మహనీయులు దీనికిని ఒక లేఖ తేకుందురా? లేఖలో ఆరుగురి పేర్లు, ఆధార్ సంఖ్యలతో సహా ఉండును. ఏసీ కారులో మాత్రము ఒక్కరుందురు. తక్కిన అయిదుగురెక్కడనని పోలీసు అడిగినచో చోదకుడు తడుముకొనడు. వెనుక షేర్ ఆటోలో వచ్చుచున్నారనును.