శిబి చక్రవర్తి వారి సముఖమునకు

మహాప్రభూ, నరసరావుపేటలో ఒక డాబా ఇంటి యజమానిని. ఆ రోజు శరణు జొచ్చిన ఆ పావురాన్ని తమరు డేగకు వదిలేసి ఉంటే ఈ రోజు నాకీ గతి పట్టేది కాదని మనవి.

అర్జీ తమరికే పెట్టడానికి కారణం దూరాభారం లేకపోవడం. మా ఇంటికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోనే, నకరికల్లు మండలం చేజెర్లలో, తమరు లింగమై వెలిశారని స్థలపురాణం. ఆ స్వామి పేరు కపోతేశ్వరుడు. గమనించారా? ఒళ్లు కోసిచ్చింది తమరు, పేరు పావురానిది! ఆ గర్భగుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. మొదట అది బౌద్ధ చైత్యమనీ, తర్వాత శివాలయమైందనీ చరిత్రకారులు చెబుతారు. బౌద్ధులూ తమరి కథను జాతకంగా చెప్పుకున్నారు, నాగార్జునకొండ రాళ్ల మీద చెక్కారు. దేవుడు మారినా పావురం మకాం మారలేదన్నమాట. మా సజ్జ మీద కూడా అంతే.

ఇక పావురం ఎత్తు మాంసం తమరి ఒంటి నుంచి కోసి తూచిన ఆ తూకం సంగతి. భారతంలో ఆ పావురం అగ్నిదేవుడు, డేగ ఇంద్రుడు. తమరు ఎంత కోసి వేసినా పావురం తట్టే కిందికి దిగింది. పక్కన మా మిర్చి రైతు ఒక్కడుంటే మొదటి కోతకే చెప్పేవాడు: "దొరా, కాటాలో ఏదో మతలబు ఉంది, ఆపండి" అని.

మా పల్నాటికి పక్షులు అచ్చిరాలేదు. బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ కోడిపందెం దగ్గర ముదిరిన వైరం మాచర్ల వాళ్లను అడవులు పట్టించి, కారెంపూడి దగ్గర నెత్తురు పారించింది. అలా యుద్ధం కోడి ఖాతాలో పడింది, శాంతి పావురం ఖాతాలో పడింది. కోడి కనీసం కూరకు పనికొచ్చింది.

పావురానికి ఈ శాంతి బిరుదు ఎవరిచ్చారో గానీ, వాళ్లకు డాబా లేదు. నోవహు ఓడకు ఒలీవ ఆకు తెచ్చిందని బైబిల్లో ఉంది. మా ఇంటికి కొబ్బరి ఈనెలు, ఇనుప తీగ ముక్కలు తెస్తుంది. 1949లో పారిస్ శాంతి మహాసభ పోస్టరు కోసం పికాసో వేసిన పావురం బొమ్మ ఎంచారు. దాని మోడలు చిత్రకారుడు మతీస్ ఇచ్చిన పావురం. అదే ఏడు పుట్టిన కూతురికి పికాసో పలోమా అని పేరు పెట్టుకున్నాడు. స్పానిష్‌లో పావురమని అర్థం. 2014లో పోప్ గారి కిటికీలోంచి పిల్లలు శాంతి కోసం వదిలిన పావురాల మీద ఒక సముద్రపు కాకి, ఒక మామూలు కాకి కలిసి పడ్డాయి. ఆ కాకులకు వడియాలు ఎండబెట్టుకునే ఇల్లుండి ఉంటుందని నా అనుమానం.

నా ఇంట్లో శాంతి ఎలా ఉందో వినండి. తెల్లవారుజామున నాలుగింటికే గుర్రుగుర్రు మొదలు. పిట్టగోడ మీద రెండు మగవి ఒక ఆడదాని కోసం రెక్కలతో ఫెళ్లుఫెళ్లున కొట్టుకుంటాయి. చల్ల మిరపకాయల చాట మీద వాటి ముద్రలు. మా ఆవిడేమో పొద్దున్నే దోసెడు జొన్నలు చల్లి పుణ్యం కట్టుకుంటుంది. ఆ పుణ్యం కడగడానికి బకెట్టు నాది. నిజానికి ఇవి కొండ చరియల్లో కాపురముండే జాతి. మా సజ్జలు వాటికి చరియల్లా కనిపిస్తున్నాయట. లక్షలు పోసి నేను కట్టింది కొండ!

వల కట్టే కుర్రాడిని పిలిపించాను. వాడు ఏసీ బయటి పెట్టె వెనక్కి తొంగి చూసి, "సార్, రెండు గుడ్లున్నాయి" అన్నాడు. అంతే, మా ఆవిడ వల మడిపించి వాణ్ణి పంపేసింది. "ఏమండీ, ఏసీ వేశారంటే ఆ అదురుకు గుడ్లు కిందపడతాయి. ఫ్యాను చాలదా?"

ప్రభూ, ఇది మే నెల. రెంటచింతల ఎండ తమరి కాలంలో ఉందో లేదో తెలియదు. తమరు కోసిచ్చారు, నేను కరిగిపోతున్నాను. గుడ్లు పిల్లలవడానికి పద్దెనిమిది రోజులు పడుతుందట. ఇవాళ పదకొండోది.