నీళ్లెవరు మోశారు?

భద్రాచలం దగ్గర పర్ణశాలకు వెళితే సీతమ్మవారు చీర ఆరేసుకున్న బండ చూపిస్తారు. మనవైపు కాస్త ఎత్తున్న గుట్ట ఏదైనా సరే, పాండవులు అక్కడ ఒక పూటైనా తలదాచుకునే ఉంటారు. న్యూజెర్సీ రాష్ట్రంలో ఈ బరువంతా జార్జ్ వాషింగ్టన్ ఒక్కడి నెత్తిన పడింది. పాత ఇల్లు, దాని ముందొక పలక, ఆ పలక మీద ఆయన ఇక్కడ నిద్ర చేశాడన్న ముక్క. ఇన్ని ఇళ్లల్లో పడుకున్న మనిషి యుద్ధం ఎప్పుడు చేశాడా అని నాకో అనుమానం. పాపం, కొన్నిటికి గట్టి లెక్కలే ఉన్నాయి. సోమర్‌విల్‌లోని వాలెస్ హౌస్‌లో 1778 డిసెంబరు నుంచి 1779 జూన్ దాకా ఉన్నాడు. ఇంటికీ సామానుకీ కలిపి వెయ్యి డాలర్లు ఇచ్చుకున్నాడు కూడా. ఆ మరుసటి చలికాలం మారిస్‌టౌన్‌లో ఫోర్డ్ వారి భవంతిలో గడిపాడు.

ఇలా ఎవరో ఒకప్పుడు కాపురమున్న ఇంటిని మంచాలూ కుండలతో సహా మ్యూజియం చేసినవి అమెరికా మొత్తం మీద పదిహేను వేలకు పైనే ఉంటాయని అంచనా. అన్నిటిదీ ఒకటే సమస్య. ఒకసారి చూసినవాడు రెండోసారి రాడు. ఇల్లు మారదు, మంచం మారదు, గోడ మీది తాతగారు మారడు. పైకప్పు మాత్రం ఏటేటా కారుతుంది. దాని బాగుకు డబ్బు కావాలి, డబ్బుకు జనం కావాలి, జనానికి ఏదో ఒక సందడి కావాలి. అందుకని అక్టోబరులో ఆపిల్ రసం తీసే పండగ, డిసెంబరులో కొవ్వొత్తుల వెలుగులో ఇల్లు చూపించడం, జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన బిగ్గరగా చదవడం, మధ్యలో బొంతల ప్రదర్శన, దెయ్యాల కథలు. ఇవన్నీ నడిపేది ఆ ఊళ్లో రిటైరైన పెద్దవాళ్లు, జీతం లేకుండా.

మా అమ్మ వీటిలో పడడానికి కారణం వీసా. అమెరికా వచ్చే తెలుగు తల్లిదండ్రులకు ఒక క్రమం ఉంది. మొదటి వారం నిద్ర, రెండో వారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి, తర్వాత స్వాతంత్ర్య దేవి విగ్రహం, నయాగరా, పిట్స్‌బర్గ్ గుడి. దీంతో రెండు నెలలు గడుస్తాయి. వీసా వాళ్లు ఇచ్చేది ఆరు నెలలు. మిగిలిన నాలుగు నెలల్లో వచ్చే శని ఆదివారాలను ఏం చెయ్యాలో విమానం టికెట్టు కొనేటప్పుడు ఏ కొడుకూ ఆలోచించడు.

"పాత ఇల్లు చూద్దామమ్మా, పండగ చేస్తున్నారట" అన్నాను.

"పాత ఇల్లు చూడ్డానికి ఇంత దూరం రావాలట్రా? మనది అమ్మి నీకు ఫీజు కట్టాం" అంది.

కోడలు కలగజేసుకుని, "పిల్లలకు బావుంటుంది అత్తయ్యా, వెన్న చిలకడం చూపిస్తారట, కొవ్వొత్తులు చేయిస్తారట" అంది. టికెట్టు పదిహేను డాలర్లన్న సంగతి అమ్మకు చెప్పొద్దని ముందే అనుకున్నాం. గేటు దగ్గర బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంది.

"అంటే మనమే డబ్బిచ్చి, మనమే కొవ్వొత్తులు చేసి, మనమే వెన్న తీస్తామా?"

"అవునమ్మా."

"పని చేసినందుకు వాళ్లు కదురా ఇవ్వాలి!"

ఆ ఇంటి పేరు చెప్పను. పాతవాళ్లు కట్టిన రాతి ఇల్లు, పెద్ద పెరడు, వెనక బావి. పెరట్లో ఒకాయన మూడు మూలల టోపీ పెట్టుకుని తుపాకీ భుజాన వేసుకుని నిలబడ్డాడు. వాషింగ్టన్ సైన్యంలో సిపాయి అట. ఆయన కుంటడం అమ్మ చూసింది. "యుద్ధంలో తగిలిందా అని అడుగు" అంది. అడిగాను. మోకాలి చిప్ప మార్చారట, పోయిన సంవత్సరం. ఆ తర్వాత వాళ్లిద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని చాలాసేపు మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. అమెరికా విప్లవం గురించి నాకు తెలియనివి ఎన్నో ఉన్నాయి. ఆ సిపాయిని అడిగి తెలుసుకుందామనుకున్నాను గాని, నువ్వులనూనె మర్దనా విధానం దగ్గరే టైమైపోయింది.

లోపల ఒక గదిలో మంచం చూపించారు. చెక్క చట్రానికి తాడు అడ్డంగా నిలువుగా అల్లి, దాని మీద గడ్డి పరుపు. తాడు వదులైతే బిగించడానికి ఒక కర్ర మర. దాన్ని చూపిస్తున్న యువకుడు ఇది ఎంత తెలివైన ఏర్పాటో వివరిస్తున్నాడు. అమ్మ వంగి, తాడు కింద వేలు పెట్టి మీటి, నావైపు తిరిగి, "నులక మంచం. అల్లిక వదిలేసింది, మధ్యలో పడుకుంటే నేల తగుల్తుంది" అంది. ముట్టుకోకూడదని అక్కడ ఒక చీటీ ఉంది. ఆ యువకుడు చీటీ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, ఊరుకున్నాడు. గోడకు ఒక బొంత వేలాడదీసి ఉంది, గాజు వెనక. దాని కుట్టు ఎంత అపురూపమో పక్కనే రాశారు. అమ్మ దాన్ని చూసినంతసేపు మాట్లాడలేదు. మా నాయనమ్మ కుట్టిన బొంతలు ఇంట్లో నాలుగైదుండేవి. అవీ, ఇత్తడి గంగాళమూ ఇచ్చి స్టీలు సామాన్లవాడి దగ్గర గిన్నెల సెట్టు తీసుకున్నది అమ్మే.

ఇక వెన్న. పెరట్లో ఒక పెద్దావిడ, కుచ్చుల తెల్ల టోపీ, పొడుగు గౌను, ముందు నిలువు చెక్క పీపా. మూతకు కన్నం, కన్నంలోంచి కర్ర. కర్ర చివర అడ్డపలకలు ఉంటాయి. దాన్ని పైకీ కిందికీ కొట్టాలి. తిప్పడం లేదు, తాడు లేదు. అమ్మకు అదే మొదటి అభ్యంతరం. రెండోది, తోడువెయ్యని పచ్చి మీగడ. మూడోది, పిల్లలందరూ వరసలో నిలబడి తలా పది దెబ్బలు వేసి పోతున్నా వెన్న జాడ లేదు. టోపీ ఆవిడ నవ్వుతూనే ఉంది కానీ నవ్వు పలచబడుతోంది. అక్టోబరు చలి, ఆరుబయట.

"మీగడ బిగదీసుకుపోయిందిరా. గోరువెచ్చని నీళ్లు ఓ గ్లాసుడు పొయ్యమను" అంది అమ్మ.

నేను ఇంజనీరుని. అలాంటి సలహాను నలుగురిలో ఇంగ్లీషులోకి మార్చే ముందు ఆలోచిస్తాను. అమ్మ నాకోసం ఆగలేదు. టీ కోసం ఎవరో చేతిలో పట్టుకున్న వేడినీళ్ల ఫ్లాస్కు అందుకుని, చన్నీళ్లు కలిపి, వేలు ముంచి చూసి, మూత తీసి పోసేసింది. తర్వాత చీర కొంగు నడుముకు దోపి కర్ర పట్టుకుంది. టోపీ ఆవిడ ముఖం చూస్తే 1776లో బ్రిటిష్‌వాళ్లు వచ్చినప్పుడు ఈ ఇంటావిడ ముఖం ఎలా ఉండేదో తెలిసింది. చలికాలం వేడినీళ్లు, ఎండాకాలం చన్నీళ్లు అన్నది మనకు ఇంటి సంగతి. దాని వెనక శాస్త్రమూ ఉంది. మీగడలో కొవ్వు మరీ గట్టిగా ఉంటే రేణువులు ఒకదానికొకటి అంటుకోవు, మరీ కరిగితే ముద్ద కట్టదు. సుమారు పదిహేను డిగ్రీల దగ్గర దారికొస్తుంది. కాసేపటికి చప్పుడు మారింది. పిల్లలు అరిచారు. వెన్న.

అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ముద్ద తీసి, నీళ్లలో కడిగి, దగ్గరున్న పిల్ల నోట్లో పెట్టబోయింది. అప్పుడు తెలిసింది, ఆ వెన్న ఎవరికీ పెట్టకూడదు. ఆరోగ్య నిబంధన. చూడ్డానికే. "చిలికిన వెన్న పిల్లలకు పెట్టరా? మరి చిలికిందెందుకు?" అంది అమ్మ. నేను దీన్ని టోపీ ఆవిడకు చెప్పలేదు. ఆవిడకు ఎలాగూ అర్థమైంది.

ఆ పని తర్వాత మా హోదా పెరిగింది. ఇల్లు మొత్తం చూపిస్తానని టోపీ ఆవిడే ముందు నడిచింది. ఇటుకల పొయ్యి, ఇనప కుండలు, రొట్టెల గూడు. వంటగదిలో అమ్మ ఇటూ అటూ చూసి ఒకటే ప్రశ్న వేసింది.

"బావి అంత దూరాన ఉంది. ఇంతమందికి నీళ్లెవరు మోశారు?"

నేను ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. వెనక ఒక చిన్న తలుపు తీసి, నిచ్చెనలాంటి మెట్ల మీదుగా మమ్మల్ని వంటగది పైన అటక మీదికి తీసుకెళ్లింది. కిటికీ లేదు. ఈ ఇంట్లో బానిసలుండేవారు, వాళ్లు పడుకున్నది ఇక్కడే అని చెప్పింది. ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసత్వం రద్దుకు చట్టం అందరికంటే చివర చేసింది న్యూజెర్సీయే, 1804లో. అదీ వాయిదాల మీద. ఆ ఏడు జూలై 4 తర్వాత బానిస తల్లికి పుట్టిన పిల్ల అయితే 21 ఏళ్లు, పిల్లవాడైతే 25 ఏళ్లు వచ్చేదాకా యజమాని దగ్గరే పనిచేయాలి, తర్వాత విడుదల. అప్పటికే పుట్టి ఉన్నవాళ్లకు తేదీ అంటూ ఏదీ లేదు. ఇది మామూలుగా చూపించే దారిలో లేదనీ, ఎవరైనా అడిగితేనే తీసుకొస్తామనీ, ఎక్కువమంది వాషింగ్టన్ ఏ మంచం మీద పడుకున్నాడనే అడుగుతారనీ ఆవిడ అంది.

అమ్మకు మంచం మీద ఆసక్తి లేదు. కారులో తిరిగొస్తుంటే నేను ఫోర్డ్ భవంతి సంగతి చెప్పాను. ఫోర్డుగారి భార్య థియోడోసియా అప్పటికి వితంతువు, నలుగురు పిల్లలు. ఇల్లు సేనాపతికి అప్పగించి రెండు గదుల్లో సర్దుకుంది. 1780 జనవరిలో వాషింగ్టన్ తన సేనాని గ్రీన్‌కు ఉత్తరం రాస్తూ, వంటకు వేరే గది లేదని, తనవాళ్లు పద్దెనిమిది మందీ ఆవిడ మనుషులూ అంతా ఒకే వంటింట్లో ఇరుక్కున్నారని, జలుబులతో నోరు పెగలడం లేదని వాపోయాడు.

"ఆవిడ ఇంట్లో ఉండి, ఆవిడ పొయ్యి వాడుకుని, వంటిల్లు చాల్లేదని బయటివాళ్లకి ఉత్తరం రాశాడా!" అంది అమ్మ. ఆ తర్వాత కొన్నాళ్లు డాలరు నోటు మీద ఆయన బొమ్మ కనిపించినప్పుడల్లా తిప్పి పెట్టేది.

అమ్మకు ఆ నీళ్ల ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు స్మారక మందిరమైంది. ఏప్రిల్ 16న ఆయన పుట్టినరోజు. దండలు వేస్తారు, ఉపన్యాసాలిస్తారు, తెలుగు నాటకరంగ దినోత్సవమూ అదే రోజు గనక నాటకాలవాళ్లూ మాట్లాడతారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారని ప్రతి ఉపన్యాసంలోనూ వస్తుంది. ఊరు ఆ ఇంటిని వెలివేస్తే వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానేశారు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసి పెళ్లివాళ్లకు వండిపెట్టారు. ఈ భాగం ఉపన్యాసాల్లో ఒక వాక్యం. అమ్మకు వాళ్ల నాయనమ్మ చెప్పిన కథలో మాత్రం అదే కథంతా. వరుడి పేరు కూడా అమ్మకు గుర్తులేదు, బిందెలు మాత్రం గుర్తు.

నన్నడిగితే పాత ఇళ్లను నిలబెట్టేదే ఇలాంటి సణుగుడు. 1853లో దక్షిణ కెరొలైనా నుంచి లూయీసా కన్నింగ్‌హామ్ అనే ఆవిడ పొటోమాక్ నది మీద పడవలో పోతూ, మౌంట్ వెర్నన్‌లో వాషింగ్టన్ సొంత ఇల్లు పాడుబడి ఉండడం చూసింది. మగవాళ్లు పట్టించుకోకపోతే ఆడవాళ్లయినా చెయ్యొచ్చు కదా అని కూతురికి ఉత్తరం రాసింది. కూతురు యాన్ పమేలా అప్పటికే జబ్బు మనిషి. తల్లి అన్న మాటను తీసి పారేయలేక ఊరూరా ఆడవాళ్లను కూడగట్టి సంఘం పెట్టింది. 1858లో రెండు లక్షల డాలర్లకు బేరం కుదిర్చింది. ఆ ఇల్లు ఇప్పటికీ ఆ సంఘం చేతిలోనే ఉంది. తల్లులు చెప్పింది వినకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. వింటే రెండు లక్షలవుతుంది.

ఈ మధ్య ఆ రాతి ఇంటి కార్యక్రమాల కమిటీ నుంచి ఫోను. వచ్చే అక్టోబరుకు మా అమ్మ వచ్చి భారతీయ పద్ధతిలో వెన్న తియ్యాలట. అమ్మ ఇప్పుడు రాజమండ్రిలో ఉంది. ఫోను చేసి అడిగాను. ఆమె షరతులు పెట్టింది. కవ్వం తను తెచ్చుకుంటుంది. ఆ కుచ్చుల టోపీ పెట్టుకోదు. పాలు ముందు రోజు రాత్రే తోడువెయ్యాలి, దానికి ఆ రాత్రి ఎవరో ఒకరు ఆ ఇంట్లో పడుకోవాలి. పడుకున్నవాళ్లు పలక పెట్టించుకోకూడదు. వెన్న పిల్లలకు పెట్టాలి. చివరి షరతు మీద కమిటీ రెండు మీటింగులు పెట్టి, వెన్న పెట్టకుండా, ఇంటికి తీసుకెళ్లే చిన్న డబ్బాల్లో ఇచ్చేట్టు తీర్మానం చేసింది. డబ్బా గేటు దాటాక తెరవాలట.

ఇక మిగిలింది కమిటీవాళ్లు పంపిన దరఖాస్తు. నేను ఫోనులో ఒక్కో గడీ చదువుతుంటే ఆమె చెబుతోంది. అనుభవం? పెళ్లయిన నాటినుంచి అని రాయి. శిక్షణ ఎవరి దగ్గర? మీ నాయనమ్మ దగ్గర. శిక్షణ ఇచ్చినవారి నుంచి ఒక సిఫార్సు లేఖ జతపరచాలి అని ఉంది.

"ఆవిడ ఉన్నన్నాళ్లూ నా మజ్జిగ బావుందని ఒక్కనాడు అన్లేదురా" అంది అమ్మ. "ఇప్పుడు పైనుంచి లెటరు రాస్తుందా?"