డబ్బు పోసి కొన్న మిషన్‌లో ఖాళీ ఎందుకు?

అమెరికా అబ్బాయి పండక్కొచ్చి డిష్‌వాషర్ కొనిచ్చి వెళ్లాడు. కర్లపాలెంలో ఇప్పుడు మీ ఇల్లు అందరి నోళ్లలో నానుతోంది. దాంతో వచ్చిన పుస్తకం మాత్రం తెరవకండి. అది నలుగురుండే ఇంటికి రాసింది. మనకి సంక్రాంతి నాడు ఒక్క పూటకే ముప్పై కంచాలు లేస్తాయి.

ఈ మిషన్‌కి 1886లో పేటెంట్ తీసుకున్న జోసెఫిన్ కోక్రేన్ అనే అమెరికా ఆవిడ, పళ్లేనికో గూడు, కప్పుకో గూడు అంటూ తీగలతో అరలు కట్టించింది. ప్రతిదానికీ నీళ్లు తగలాలని ఆవిడ చాదస్తం. చేపల పులుసు దాక తోమే పని పడలేదు కాబట్టి ఆ ముచ్చట చెల్లింది. మీరు కంచానికి కంచం ఆనించి, గ్లాసులో గ్లాసు దూర్చి కుక్కండి. గిన్నెలు బోర్లించొద్దు, వెల్లకిలా పెట్టండి. తలుపు తీసేసరికి ప్రతి గిన్నె నిండా పచ్చటి వేడి నీళ్లు, పైన తేలే నూనె చుక్కలు. కాస్త ఉప్పూ కారం పడితే చారుకి వంక పెట్టేవాడుండడు.

అట్లకాడని కింది అర సందులోంచి కాడ కిందికి దిగేలా వేలాడదీయండి. అక్కడ పొడుగాటి రెక్క ఒకటి, తన చిల్లుల్లోంచి చిమ్మే నీటి తోపుకే గిర్రున తిరుగుతుంటుంది. కాడ అడ్డం పడగానే ఆగిపోతుంది. ఒక పక్క గిన్నెలు మెరుస్తాయి, రెండో పక్కవి పెట్టినవి పెట్టినట్టే వస్తాయి. మిషన్‌కీ కాస్త విశ్రాంతి.

ఇక పండగ లేని రోజుల్లో ఏవి పెట్టాలి? స్టీలు కంచాలు, గాజు గ్లాసులు, పింగాణీ కప్పులు దాన్లో బాగానే శుభ్రమవుతాయి కాబట్టి వాటిని చేత్తో తోముకోండి. కష్టమైనవే మిషన్‌కి: అమ్మమ్మ నాటి ఇత్తడి గుండిగ, సిల్వరు గిన్నెలు, ఇనప పెనం, పప్పుగుత్తి. మిషన్‌లో వేసే పొడి మామూలు సబ్బు కాదు, ఘాటైన క్షారం. దానికి మరిగే నీళ్లంత కాకపోయినా చెయ్యి పెట్టలేనంత వేడి తోడు. ఒక్క దెబ్బకి సిల్వరు గిన్నె నల్లబడుతుంది, ఇక దిష్టి తగలదు. చింతపండుతో తోమితే వచ్చిన ఇత్తడి మెరుపు పోతుంది, దొంగల భయమూ పోతుంది. పెనం మీద ఏళ్లుగా నూనె తాగి గట్టిపడిన పొర ఊడిపోయి, తెల్లారేసరికి తుప్పు పడుతుంది. మొదటి అట్టు ఊడదు, రెండోదీ ఊడదు. పప్పుగుత్తి నీళ్లు పీల్చి ఉబ్బి, ఎండాక నిలువునా పగులుతుంది. ఒకటి పెడితే రెండు ముక్కలు, లాభమే కదా.

ఉప్పు సంగతి. మిషన్ అడుగున ఉప్పుకో అర ఉంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లాగేసే రెసిన్ గుళికలు అక్కడుంటాయి. అవి నిండిపోయినప్పుడు ఉప్పునీళ్లే వాటిని కడిగి మళ్లీ పనిలోకి దింపుతాయి. దానికి శుద్ధి చేసిన ఉప్పు కొనమంటారు. మన బాపట్ల జిల్లాలోనే చినగంజాం ఉప్పు కొటార్లు ఉండగా ఉప్పుకి వందలు తగలేయడమా! కల్లుప్పే దోసిళ్లతో పోయండి. ఏ కాల్షియం, మెగ్నీషియం వదిలించాలో అవీ కొంచెం అందులోనే ఉన్నాయి, ఇసుక అదనం. బోరు నీళ్లకి ఇది తోడైతే గ్లాసుల మీద తెల్లటి మచ్చలు ఉచితం.

పొడి అయిపోయిందా? సింకు దగ్గరి గిన్నెల లిక్విడ్ ఒంపేయండి. తలుపు సందుల్లోంచి నురగ సూర్యలంక కెరటంలా వంటింట్లోకి వస్తుంది. బండలు కడిగే పని తప్పింది.

అడుగున ఉన్న జల్లెడ జోలికి ఎప్పుడూ వెళ్లకండి. ఆవాలు, కరివేపాకు ఈనెలు, రొయ్య మీసాలు చేరి చేరి అదే గట్టిపడుతుంది. వారం తిరక్కుండా వాసన వస్తే అగరొత్తి వెలిగించండి.

మెకానిక్ వచ్చి ఆ జల్లెడ పైకి తీసి, "ఏం పెట్టారండీ ఇందులో?" అని అడుగుతాడు. అట్లకాడ దాచేయండి. కరెంటు హెచ్చుతగ్గులవుతోందని చెప్పండి.