వస్తే నేనే చెప్త

ఊరి నుంచి వచ్చిన కొత్తలో కోఠిలో సిటీ బస్సెక్కి ఎల్బీ నగర్‌కు టికెట్ తీసుకున్నాను. చాదర్‌ఘాట్ దాటగానే కండక్టర్‌ని అడిగాను: "అన్నా, ఎల్బీ నగర్ వచ్చిందా?" మలక్‌పేటలో అడిగాను. మూసారాంబాగ్‌లో అడిగాను. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం గుంపుగా దిగుతుంటే వాళ్లతో సగం దిగి, మెట్టు మీద నిలబడి మళ్లీ అడిగాను. చైతన్యపురి దగ్గర ఆయన ఓపిక అయిపోయింది.

"ఏం తమ్మీ, గడియకోసారి అడుగుతవ్? సప్పుడు చేయక కూసో. వస్తే నేనే చెప్త."

అది తిట్టనుకున్నాను. సాంకేతిక సలహా అని తెలియడానికి ఏళ్లు పట్టింది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో నీళ్లపప్పు తింటూ వెబ్ డిజైనింగ్ నేర్చుకున్నాక నాకు దొరికిన మొదటి పని ఒక చీరల దుకాణం వెబ్‌సైటు. రెండు వందల చీరల ఫొటోలు. అన్నీ ఒకేసారి తెరిస్తే పేజీ కదలదు కాబట్టి, ఏ చీర తెర మీదికొస్తే దాన్నే చూపించాలి. మరి వచ్చిందని తెలిసేదెలా? నాకు తెలిసిన విద్య ఒకటే, అడగడం. చూసేవాళ్ల బొటనవేలు కదిలిన ప్రతిసారీ రెండు వందల ఫొటోలనూ పేరుపేరునా "నువ్వెక్కడున్నావు?" అని అడిగించాను. జవాబు చెప్పడానికి బ్రౌజర్ పేజీ కొలతలన్నీ మళ్లీ లెక్కగట్టుకోవాల్సి వచ్చేది. ఫోన్ మీద ఇరానీ చాయ్ కాచుకోవచ్చు, అంత వేడి.

అప్పుడు తోటి ఉద్యోగి ఒకాయన ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ గురించి చెప్పాడు. క్రోమ్‌లో అది 2016 నుంచే ఉంది, నాకే ఆలస్యంగా అందింది. ఏ వస్తువు కోసం చూస్తున్నామో బ్రౌజర్‌కి ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలు. అది తెర అంచు దాటి లోపలికి రాగానే బ్రౌజరే మనల్ని పిలుస్తుంది. వింటుంటే ఖాకీ చొక్కా, భుజాన సంచీ కళ్ల ముందు కనిపించాయి.

దానికి రూట్ మార్జిన్ అని ఒక సదుపాయం ఉంది. రెండు వందల పిక్సెళ్లు ఇస్తే, చీర తెర మీదికి రావడానికి అంత దూరం ముందే కబురొస్తుంది. కొత్తపేటలోనే "ఎల్బీ నగర్ దిగేటోళ్లు ముందుకు రండి" అని కేకేసే కండక్టర్ చేసేదీ అదే. స్టాపు వచ్చాక చెబితే, నిండు బస్సులో తలుపు దాకా చేరేలోపు హయత్‌నగర్ వస్తుంది.

ఇంకొకటి థ్రెషోల్డ్. వస్తువు ఎంత భాగం కనబడితే కబురు చెప్పాలో సున్నా నుంచి ఒకటి దాకా అంకె వేయాలి. చీర కొంగు దగ్గర్నుంచి కుచ్చిళ్ల దాకా నిండుగా కనబడ్డాకే మెల్లగా మెరవాలని నేను దర్జాగా ఒకటి వేశాను. మర్నాడు దుకాణం సేటు ఫోన్ చేశాడు.

"తమ్మీ, ధరలున్నయ్. చీరలేవి?"

చీర బొమ్మ ఫోన్ తెర కన్నా పొడుగు. పైట కనబడితే అంచు కనబడదు, అంచు కనబడితే పైట పైకి పోతుంది. నిండుగా కనబడే ముహూర్తం ఎప్పటికీ రాదు, బ్రౌజరూ పిలవదు. విషయం చెబితే సేటు అన్నాడు: "గంత చీర జానెడు ఫోన్ల మొత్తం యాడ కనవడ్తది? కొంగు చూస్తే చాలు, బేరం మేం జేస్తం." ఒకటిని 0.1 చేశాను. చీరలు కనబడ్డాయి.

ఇప్పుడు మా అమ్మ నాతోనే ఎల్బీ నగర్‌లో ఉంటుంది. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. ఆఫీసు నుంచి అందులోనే వస్తాను. అమీర్‌పేటలో ఫోన్: "ఏడున్నవ్ బిడ్డా?" మలక్‌పేటలో ఫోన్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్. నిన్న కండక్టర్ని తలుచుకుని, "అమ్మా, గడియకోసారి అడగకు. వస్తే నేనే చెప్త" అన్నాను.

"నువ్వు చెప్తవా? పోయిన వారం గట్లనే అన్నవ్. ఇంటికొచ్చి, తిని, పండుకున్నంక యాదికొచ్చింది నీకు."

నిజమే. ఈ పద్ధతి మాట మీద నిలబడేవాళ్లుంటేనే నడుస్తుంది. ఆమె కన్నది బ్రౌజర్‌ని కాదు, నన్ను.

ఇంతలో రైలు విక్టోరియా మెమోరియల్ దాటింది. పైనుంచి ఆడగొంతు తదుపరి స్టేషన్ ఎల్బీ నగర్ అని ప్రకటించింది. ఫోన్లో అమ్మ కూడా విన్నది.

"ఆ, గా పిల్ల చెప్పింది. ఎసట్ల బియ్యం పోస్తున్న" అని పెట్టేసింది.