కూడడమే నా వంతు

నేనొక కాలిక్యులేటర్ని. పన్నెండంకెల తెర, దాని పైన సోలార్ పలక, లోపల బొత్తాం బ్యాటరీ, మీటల్లో ‘జీటీ’ అని ఒకటి. తెనాలి బోసు రోడ్డులో ఒక పుస్తకాల కొట్టు అద్దాల బీరువాలో ఉన్న నన్ను, అప్పుడే బీకాంలో చేరిన ఒక అమ్మాయి కొనుక్కుంది. ఇంటర్‌లో బైపీసీ చదివొచ్చిన పిల్ల. డెబిట్, క్రెడిట్ అన్న మాటలే కొత్త. పాఠాలు విని విని నేనిప్పుడు సూత్రాలన్నీ అప్పజెప్పగలను గానీ, ఒక అంకె చూసి అది ఏ వైపుదో మాత్రం ఈనాటికీ చెప్పలేను. 5,000 అంటే నాకు 5,000 మాత్రమే. అద్దె కట్టిందో, అప్పు తెచ్చిందో, సరుకు అమ్మితే వచ్చిందో నా తెర మీద కనపడదు.

ఆ అమ్మాయి మొదట్లో లెక్క చదవకముందే నా మీటలు నొక్కేది. అకౌంట్స్ సార్ చూసి ఒకరోజు బెంచీ దగ్గర ఆగారు.

“మిషన్ తర్వాతమ్మా. ఎవరు పుచ్చుకున్నారు? ఏది పోయింది? ముందు అది చెప్పు.”

ఆయన బోర్డు మీద మూడు సూత్రాలు రాయించేవారు. వ్యక్తిగత ఖాతాలో పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వాస్తవిక ఖాతాలో వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. నామమాత్రపు ఖాతాలో ఖర్చులూ నష్టాలూ డెబిట్, ఆదాయాలూ లాభాలూ క్రెడిట్. ఏ వ్యవహారానికైనా రెండు ముఖాలుంటాయని, రెండూ రాసి తీరాలని చెప్పేవారు. వెనిస్ వర్తకులు ఎప్పటినుంచో పాటిస్తున్న ఈ పద్ధతిని లూకా పాచోలీ అనే గణితం పంతులు 1494లో అచ్చు పుస్తకంలోకి ఎక్కించాడు. విద్యుత్తు లేదు, నావంటి యంత్రం లేదు. నోటిలెక్కతో, కలంతో వాళ్లు నడిపిన పద్దులే ఇవాళ్టి పాఠం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్. చిట్టాలో రాసిన పద్దులు ఆవర్జాకు వెళ్లి, ఖాతాల నిల్వలు తేలి, డెబిట్ నిల్వలు ఒక వరసలో, క్రెడిట్ నిల్వలు ఒక వరసలో చేరతాయి. అప్పుడు నా పని. ఆ అమ్మాయి ఎడమచేతి వేలు కాగితం మీద కిందికి జరుగుతుంటే కుడిచేతి వేలు నా మీటల మీద నడిచేది. రెండు మొత్తాలూ ఒకటైతే ముఖం వెలిగిపోయేది. కాకపోతే మళ్లీ కూడిక, మళ్లీ మళ్లీ కూడిక.

సార్ ఆమెకు తేడా చదవడం నేర్పారు. తేడా 900 వచ్చిందనుకోండి, 9తో నిశ్శేషంగా పోతుంది కాబట్టి అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 5,400 బదులు 4,500 వేసుంటే సరిగ్గా 900 తేడా వస్తుంది. అక్కడ దొరక్కపోతే తేడాలో సగం, అంటే 450 ఎక్కడైనా ఉందేమో వెతకాలి. డెబిట్‌లో ఉండాల్సింది క్రెడిట్ వైపు పడితే తేడా రెట్టింపవుతుంది. ఎంతకీ దొరక్కపోతే అనామతు ఖాతాలో వేసి, దొరికాక సవరణ పద్దు రాయాలి. దొరికిందాకా వెతకడమే చదువని నా నమ్మకం. పరీక్ష హాల్లో పక్కవాడిది చూసి మొత్తం దిద్దుకున్న పిల్లలకు ఆ చదువు అందదు.

మొత్తాలు కలిసినంత మాత్రాన లెక్క ఒప్పని కాదు. మిషను మరమ్మతుకు 1,200 ఖర్చయింది. దాన్ని మరమ్మతుల ఖాతాలో కాక మిషను ఖాతాలో డెబిట్ చేశారనుకోండి. రెండూ డెబిట్లే కనుక అంకణా చక్కగా కలుస్తుంది. కానీ ఖర్చు తగ్గి లాభం ఎక్కువగా కనిపిస్తుంది, ఆస్తి కూడా లేనంత విలువ చూపిస్తుంది. వ్యవహారమే రాయకుండా వదిలేసినా నా కూడికకు ఏ లోటూ రాదు. అలాంటి తప్పు పట్టాల్సింది మనిషే.

ఆమె నాన్నది చిన్న కిరాణా కొట్టు. రాత్రి షట్టర్ దించాక పద్దు పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆమె నన్ను తీసుకుని ఎదురుగా కూర్చుంది.

“నాన్నా, ఇవాళ ఇంటికి తెచ్చిన నూనె ప్యాకెట్లు ఎక్కడ రాశావు?”

“మన కొట్టు, మన సరుకు. రాసేదేముందమ్మా?”

“కొట్టు వేరు, నువ్వు వేరు నాన్నా. నువ్వు పెట్టిన పెట్టుబడి కొట్టు నీకు బాకీ. అందుకే అది అప్పుల వైపు వేస్తారు. నువ్వు ఇంటికి తెచ్చిందంతా అందులోంచి తీసుకున్నట్టే.”

సొంతవాడకాల ఖాతాకు డెబిట్, కొనుగోళ్ల ఖాతాకు క్రెడిట్. అమ్మే ధరకు కాదు, కొన్న ధరకు. నెల పొడుగునా బియ్యం, పప్పు, సబ్బులు, గల్లాపెట్టెలోంచి ఆటోకిచ్చిన చిల్లరతో సహా రాసి కూడితే 6,840 తేలింది. ఆయన నా తెర వైపు చాలాసేపు చూశాడు. కొట్టు నడవడం లేదని బెంగపడుతున్న మనిషి ఆయన. నడుస్తున్న కొట్టు ఇల్లు గడుపుతోందని ఆ రాత్రి తెలిసింది. ఒక డిగ్రీ చదువు ఇంటికి ఇంతకన్నా ఏం తెచ్చిపెడుతుంది?

తర్వాత కాలేజీ పాఠాల్లో తరుగుదల వచ్చింది. లక్ష రూపాయల యంత్రం మీద 10 శాతమంటే స్థిర పద్ధతిలో ఏటా 10,000 పోతుంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 90,000, 81,000, 72,900 అని నిల్వ కిందికి దిగుతుంది. భాగస్వామ్యంలో ఒప్పందం లేకపోతే 1932 చట్టం ప్రకారం లాభాలు సమానం, మూలధనం మీద వడ్డీ లేదు, భాగస్వామి ఇచ్చిన అప్పు మీద మాత్రం 6 శాతం. ఇవన్నీ నా మీదుగానే నడిచాయి.

ఆఖరి ఏడు ఆమె ట్యాలీ ల్యాబుకు వెళ్లింది. 1980ల్లో బెంగళూరులో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. డెబిట్, క్రెడిట్ సమానం కాకుండా వోచరును ఒప్పుకోదు. మొత్తాలు అదే వేసుకుంటుంది కనుక ఇక నేనెందుకన్నారు ఆమె స్నేహితులు. అయితే మరమ్మతును మిషను ఖాతాలో వేస్తే ఆ కంప్యూటరూ నాలాగే ఊరుకుంటుంది. ఆ తేడా కనిపెట్టగల మనిషికే ఆడిటర్ ఆఫీసులో విలువ. ఎన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చినా చేత్తో చిట్టా, ఆవర్జా రాయించడం కాలేజీలు మానకూడదని నేను గట్టిగా అంటాను.

ఇప్పుడు ఆ అమ్మాయి ఊళ్లోనే ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తోంది. ఏప్రిల్ 1న కొత్త లెక్కల సంవత్సరం మొదలవుతుంది కనుక మార్చి నెలంతా మాకు తీరిక ఉండదు. నా ఐదు మీద అంకె అరిగిపోయింది, ఆమె వేలికి చోటు తెలుసు.

బీకాంలో కొత్తగా చేరిన పిల్లలారా, లెక్క ఎత్తుకోగానే నావంటివాటిని చేతిలోకి తీసుకోకండి. ప్రశ్న చదవండి, ఎవరు పుచ్చుకున్నారో ఏది పోయిందో తేల్చుకుని చిట్టా రాయండి. కూడిక దగ్గరికొచ్చాక పిలవండి, పలుకుతాను.