రైలెక్కని ప్రయాణికుడు

భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగి రాములవారి గుడెటని అడిగితే, ఇంకో 40 కిలోమీటర్లు బస్సులో పొమ్మంటారు. ఆ స్టేషనున్నది కొత్తగూడెంలో మరి. శ్రీకాకుళం రోడ్‌లో దిగినవాడు తేలేది ఆమదాలవలసలో. పట్టాలు ఊరిదాకా రాలేకపోయిన చోటల్లా పేరు పక్కన ‘రోడ్’ తగిలించి, మిగతాది మీ కాళ్ల చలవ అని వదిలేశారు పెద్దలు. ఇలాంటి తమాషాల వల్లే నాకు పాత స్టేషన్ల పిచ్చి పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, మెడలో కెమెరా వేసుకుని ఎక్స్‌ప్రెస్‌లు ఆగని స్టేషన్లు వెతుక్కుంటూ పోతాను.

రేణిగుంట, అరక్కోణం మధ్య వెంకటనరసింహరాజువారిపేట ఉంది. ఇంగ్లీషులో రాస్తే 28 అక్షరాలు. ఒడిశాలో ‘ఇబ్’ స్టేషనుకి రెండే. బోర్డు రాసే పెయింటరు అక్కడ టీ చల్లారేలోపు పని ముగించుకోవచ్చు. ఇక్కడికైతే క్యారేజీ కట్టించుకుని రావాలి. ఫొటో తీసేవాడికీ తిప్పలే. పేరంతా ఫ్రేములో పట్టాలని వెనక్కి వెనక్కి నడుస్తాం. ఏ తుమ్మకంపో వీపుకి తగిలి ఆగమంటుంది. ‘పేట’ని బయటే వదిలేసి బటన్ నొక్కాలి.

అరకు దారిలో శిమిలిగుడది వేరే దర్జా. సముద్రమట్టానికి 996 మీటర్ల పైచిలుకు ఎత్తు. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటికన్నా ఎత్తైనదని చాలాకాలం మీసం మెలేసింది. కాశ్మీరు లోయలో రైళ్లు మొదలయ్యాక కిరీటం అటు పోయింది. మబ్బులు మాత్రం బదిలీ కాలేదు.

నాకు బోర్డులకన్నా సామాను మీద మోజెక్కువ. వరండాలో వేలాడే ఎర్ర బకెట్లనే చూడండి. అడుగు గుండ్రంగా ఉంటుంది, కింద పెడితే దొర్లిపోతుంది. ఇంటికి పట్టుకెళ్లినా నీళ్లు తోడుకోవడానికి పనికిరాదు. మనిషి గుణం బాగా ఎరిగినవాడు చేసిన బకెట్ అది. నిప్పార్పడానికని అందులో ఇసుక పోసి ఉంచుతారు. ఒకచోట దగ్గరికెళ్లి జూమ్ చేశాను. ఇసుక నిండా బీడీముక్కలు, మధ్యలో ఓ మామిడి టెంక, దానికి రెండు ఎర్రటి లేతాకులు.

ఇంకోచోట స్టేషన్ మాస్టరుగారు కిటికీలోంచి బాల్ టోకెన్ యంత్రం చూపించారు. ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు కదా. అందుకని పక్కపక్క స్టేషన్లకి జంట యంత్రాలుంటాయి. అవతలివాళ్లు సరేనంటేనే ఇవతల ఒక ఉక్కు బంతి బయటికొస్తుంది. అది తిరిగి రెంటిలో ఏదో ఒక యంత్రంలో పడేదాకా ఇంకో బంతి రాదు. దాన్ని తోలుసంచిలో వేసి, బెత్తం చట్రానికి తగిలించి, సాగిపోయే ఇంజనుకి అందించేవారు. ఒకే బాత్రూమున్న ఉమ్మడి కుటుంబాలకి ఈ యంత్రం ఎవరూ ఎందుకు అమ్మలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు మనుషులతో.

కౌంటర్లో ప్లాట్‌ఫాం టికెట్ అడిగాను.

“ఎవర్నెక్కిస్తున్నారు?”

“ఎవర్నీ లేదండీ.”

“ఎవరైనా దిగుతున్నారా?”

“లేదండీ, స్టేషన్ చూద్దామని.”

ఇన్నేళ్లుగా తన కంటపడనిది ఏముందోనని ఆయన తల బయటపెట్టి అటూ ఇటూ చూసి, పది రూపాయలు తీసుకుని టికెట్టిచ్చాడు. రెండు గంటలు చెల్లుతుంది. ఆ రెండు గంటల్లో ప్లాట్‌ఫాం మీదకి మేకలొచ్చాయి గానీ బండి రాలేదు.

“ఏ బండికి బాబూ?” అన్నాడు వేపచెట్టు కింద బల్లమీది పెద్దాయన.

“ఏ బండికీ కాదు తాతగారూ, ఫొటోలకి.”

“ఓహో!”

ఆ ఓహో ఊళ్లోకి ఎంత వేగంగా పాకిందంటే, కాసేపటికి నా చుట్టూ ఓ చిన్న సభ తయారైంది. “రెండో లైనులో మా చేను పోతుందాండీ?” అని ఒకాయన. “గేటు దగ్గర బ్రిడ్జి ఎప్పుడేస్తారయ్యా?” అని గడ్డిమోపు దించకుండానే ఒకావిడ. “ఎక్స్‌ప్రెస్ ఆపించండి సార్, ఒక్క నిమిషం చాలు” అని కుర్రాళ్లు. రైల్వేకీ నాకూ ఏ సంబంధమూ లేదని మొత్తుకున్నాను. “మాకు తెలుసులెండి, మీరు పైకి చెప్పకూడదు” అని బలవంతంగా గోలీసోడా తాగించారు.

వాళ్లదీ న్యాయమే. స్టేషనన్నాక బండి ఆగాలి, బండి ఆగకపోతే ఆపించేవాడైనా రావాలి. ఊరికే గోడలు చూసి మురిసిపోయేవాణ్ని ఏ లెక్కలో రాసుకుంటారు?

అందుకే ఈమధ్య పద్ధతి మార్చాను. ఏ బండికని అడిగితే ఆ వైపు పోయే పాసింజరేదో చెప్పి, “లేటంటండీ” అంటాను. ఈ దేశంలో సాక్ష్యం అడక్కుండా నమ్మే మాట అదొక్కటే. బల్లమీద జరిగి చోటిస్తారు, వేరుశనక్కాయల పొట్లం ఇటు చాపుతారు. ఆపైన నేను తాళం కప్పకీ తుప్పు కాటాకీ ఎన్ని ఫొటోలు తీసుకున్నా ఎవరూ అడగరు. పాపం, పొద్దుపోక చేస్తున్నాడనుకుంటారు.