దొంగను పట్టే చదువు!

అమెరికాలో ‘క్రిమినల్ జస్టిస్’ అని ఓ డిగ్రీ. ఖాకీ కలలు కనే కుర్రకారుకి భలే గిరాకీ. షికాగోలో వెస్ట్‌వుడ్ అనే ప్రైవేటు కాలేజీ ఈ చదువుకు పుచ్చుకున్నది అక్షరాలా 70 వేల డాలర్ల పైమాటే. అందులో సింహభాగం అప్పే.

తీరా పట్టా చేతబట్టుకుని పోలీసు కొలువుకు వెళితే, ‘మీ కాలేజీకి మేం ఒప్పే గుర్తింపు లేదు’ అన్నారట. ఆ పట్టాతో షికాగో పోలీసులోనూ, ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసులోనూ చేరొచ్చని ఊరించిన కాలేజీ, ఈ ముక్క మాత్రం మింగేసింది. కొలువు రాలేదు, వాయిదా మాత్రం నెలనెలా ఠంచనుగా వచ్చింది. దొంగను పట్టే చదువుకు పోతే, దొంగ దొరికింది కాలేజీ ఆఫీసులోనేనన్నమాట!

2012లో రాష్ట్ర అటార్నీ జనరల్ కాలేజీ మీద కేసు వేశారు. 2016లో కాలేజీ తలుపులు మూసింది. 2022లో అమెరికా విద్యాశాఖ కళ్లు తెరిచి, వెస్ట్‌వుడ్‌లో చదివిన 79 వేల మందికి 150 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటాం మనం. అక్కడ పదేళ్లు పట్టింది. అగ్రరాజ్యం కదా, అన్నీ పెద్ద లెక్కలే!

విదేశీ చదువుల కన్సల్టెన్సీ రంగుల బ్రోచర్లు తిరగేస్తున్న మన నాన్నలూ, కాస్త ఆగండి. సీటు వస్తుందా అని కాదు, ఆ పట్టాను కొలువిచ్చేవాడు ఒప్పుకుంటాడా అని ముందు అడగండి. అప్పు ఎంతో బ్యాంకు చెబుతుంది. జీతం ఎంతో మాత్రం బ్రోచరే చెబుతుంది!